కిరికెర నుంచి ధర్మవరం దాకా



కదిరి నుంచి రాయచోటి వైపు వెళ్లే దారిలో నంబులపూలకుంట వస్తుంది. జనం నోట ఎన్.పి. కుంట. ఒకప్పుడు ఆ మండలం పేరెత్తితే గూటిబయలులో ఐదెకరాలకు దగ్గరగా పరుచుకున్న తిమ్మమ్మ మర్రిమానే గుర్తొచ్చేది. ఇప్పుడు సోలార్ పార్కు కూడా గుర్తొస్తోంది. దాదాపు 8 వేల ఎకరాల్లో, 1,500 మెగావాట్ల లక్ష్యంతో తలపెట్టిన పార్కు అది. కేంద్రానికి చెందిన సోలార్ ఎనర్జీ కార్పొరేషన్, మన రాష్ట్రపు జెన్‌కో, నెడ్‌క్యాప్ కలిసి పెట్టిన సంస్థ చేతిలో ఉంది. 2016లో ఎన్టీపీసీ అక్కడ కరెంటు తీయడం మొదలుపెట్టింది. తొలి విడత 250 మెగావాట్లు. తరతరాలుగా మనల్ని మాడ్చిన ఎండకు చివరికి ఒక ధర పలికింది.

ఆ కరెంటు సబ్‌స్టేషన్ ఎక్కి గ్రిడ్డులో కలిసిపోతుంది. మంచిదే. దాంతోపాటు ఊరికి మిగలవలసింది మరొకటి ఉంది. ఆ పలకల గురించిన విద్య. పలక మీద దుమ్ము పడితే ఉత్పత్తి ఎంత తగ్గుతుంది? నీళ్లు లేని చోట వాటిని దేనితో తుడవాలి? పలకల వరుసల మధ్య నేలలో ఏం పెరుగుతుంది? ఈ ప్రశ్నలకు జవాబులు వెతకడానికి ఎన్.పి. కుంట కంటే మంచి చోటు దేశంలో ఎన్ని ఉంటాయి? ఆ జవాబులు కదిరిలో, అనంతపురంలో చదివే మన పిల్లల చేతుల మీదుగా రావాలని నాకు గట్టి కోరిక. అది ఎలా జరగాలన్నదే ఈ రోజు మాట్లాడబోయేది.

విశ్వవిద్యాలయం, పరిశ్రమ, స్థానిక ప్రభుత్వం మూడూ ఒకే పేటలో, నడిచి వెళ్లేంత దూరంలో ఉండి, రోజూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ పనిచేస్తే కొత్త వస్తువులు, కొత్త ఉపాధి పుడతాయన్న ఆలోచన ప్రపంచమంతా పాకింది. అలాంటి పేటల్ని ఇన్నోవేషన్ డిస్ట్రిక్టులు అంటున్నారు. అందరూ ముందుగా చెప్పే పేరు అమెరికాలో బోస్టన్ పక్కనున్న కేంబ్రిడ్జి నగరంలోని కెండల్ స్క్వేర్. ఎం.ఐ.టి.ని ఆనుకుని ఉన్న ఆ పేటలో ఒకప్పుడు సబ్బులు, మిఠాయిలు చేసే ఫ్యాక్టరీలుండేవి. ఇప్పుడు బయోటెక్ కంపెనీలు కిక్కిరిసి ఉన్నాయి. ఇదంతా ఎం.ఐ.టి. చలవేనని చాలామంది అనుకుంటారు. అక్కడి నగరపాలక సంస్థ చేసిన పని గురించి తక్కువ మంది చెబుతారు. 1970లలో జన్యువులను కోసి అతికించే ప్రయోగాలు మొదలైనప్పుడు ఊళ్లో జనం భయపడ్డారు. ల్యాబుల నుంచి ఏ రోగం బయటికొస్తుందోనని గొడవ జరిగింది. నగర కౌన్సిల్ మామూలు పౌరులతో ఒక కమిటీ వేసి, శాస్త్రవేత్తలు చెప్పేదంతా వినిపించి, 1977లో ఒక ఆర్డినెన్స్ చేసింది. ఏ ప్రయోగం ఎలా చేయాలో, ఎవరు తనిఖీ చేయాలో రాసిపెట్టింది. నిబంధన ఉంటే కంపెనీలు పారిపోతాయని అప్పుడు బెదిరించినవాళ్లున్నారు. జరిగింది వేరు. నిబంధన ఏమిటో ముందే తెలిసిన ఊరు గనుక కంపెనీలు అక్కడికే వచ్చాయి. మున్సిపాలిటీ అంటే కుళాయిలు, డ్రైనేజీ, పన్ను రసీదులే అనుకునే మనం ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

మన తెలుగు నేల మీదికి వద్దాం. హైదరాబాదు గచ్చిబౌలిలో 2015 నవంబరు 5న టీ-హబ్ అనే స్టార్టప్ కేంద్రం మొదలైంది. తెలంగాణ ప్రభుత్వం, ట్రిపుల్ ఐటీ, ఐ.ఎస్.బి., నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, ప్రైవేటు రంగం చేయి చేయి కలిపాయి. రాయదుర్గంలో ఇప్పుడు కనిపించే పెద్ద భవనం 2022 జూన్‌లో వచ్చింది. అంతకు ముందు దాదాపు ఏడేళ్లపాటు టీ-హబ్ ట్రిపుల్ ఐటీ ఆవరణలోనే ఉంది. ఆ ట్రిపుల్ ఐటీ 1998 నాటిది. అంటే ముందు చదువు, ఆ తర్వాత ఆ చదువు ఒళ్లో కంపెనీలు, అవి పెరిగాక భవనం. వరుస అదీ.

ఈ వరుస తలకిందులైతే ఏమవుతుందో మన అనంతపురం ప్రాంతం చూసింది. 2008, 2009 ప్రాంతంలో చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో 8,844 ఎకరాలు ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించారు. బెంగళూరు విమానాశ్రయం దగ్గర, జాతీయ రహదారి పక్కనే, ఇక ఇక్కడ విజ్ఞాన నగరం లేస్తుందన్నారు. భూమి చేతులు మారింది. బ్యాంకుల్లో తాకట్టుకు పోయింది. విచారణలు, కోర్టు కేసులు వచ్చాయి. విజ్ఞాన నగరం రాలేదు. పొలం ఇచ్చిన రైతు ఆ భూమి పక్కనుంచే కూలికి నడిచి వెళ్లాడు. ఆ కేసుల తీర్పులు కోర్టులు చెబుతాయి. నేను చెప్పేది వేరు. ఆ పథకంలో భూమి ఉంది, కంపెనీ ఉంది, పేరులో విజ్ఞానం ఉంది. పాఠం చెప్పే మేష్టారు లేడు, ప్రయోగం చేసే విద్యార్థి లేడు, ఫలానా కష్టం తీరాలని అడిగే రైతు గానీ నేతగాడు గానీ లేడు.

సరే, మరి మన ప్రాంతంలో చదువు, పరిశ్రమ, ప్రభుత్వం మూడూ కలిసిన చోటు అసలు లేదా? ఉంది. దానికి ఎవరూ గొప్ప పేరు పెట్టలేదు గనుక మనకు కనిపించడం లేదు.

హిందూపురం పక్కన కిరికెర ఉంది. అక్కడ రాష్ట్ర పట్టుపరిశ్రమ పరిశోధన, అభివృద్ధి సంస్థ ఉంది. మన ఎండకు, మన గాలికి తట్టుకునే పట్టుపురుగు జాతుల కోసం శాస్త్రవేత్తలు పనిచేసిన చోటు అది. ఏపీఎం-1, ఏపీఎస్-8 అనే రెండు జాతులను కలిపి తీసిన ‘స్వర్ణాంధ్ర’ అనే సంకరం అక్కడిదే. కిరికెర నుంచి బయల్దేరితే చుట్టుపక్కల మండలాల్లో మల్బరీ తోటలు. తోట పక్కన పురుగుల షెడ్డు. పురుగు పెంచడమంటే ఇల్లాలికి, ఇంటాయనకు కంటి మీద కునుకు ఉండదు. నాలుగు జ్వరాలు దాటాలి. జ్వరమంటే పురుగు మేత మానేసి పొర విడిచే సమయం. నాలుగో జ్వరం నుంచి లేచిన పురుగు ఆకు తినే చప్పుడు షెడ్డు బయటికి వినిపిస్తుంది. మొత్తం మేతలో ఎక్కువ భాగం ఆ చివరి వారంలోనే పోతుంది. ఆ వారంలో ఊజీ ఈగ వాలిందా, ఎండ ముదిరిందా, నెల కష్టం బూడిదే. పురుగు పండి బంగారు రంగు తిరిగాక, గూడు అల్లుకునే తట్టలైన చంద్రికల మీదికి ఎక్కిస్తారు. గూడు అల్లుకున్నాక రోజుల లెక్కే. ఆలస్యమైతే లోపలి పురుగు రెక్కలొచ్చి గూడు తొలుచుకుని బయటపడుతుంది. ఇక ఆ గూడు దారానికి పనికిరాదు. అందుకే రైతు సంచులు కట్టుకుని హిందూపురం మార్కెట్టుకు పరుగు పెడతాడు.

ఆ మార్కెట్టును పట్టుపరిశ్రమ శాఖ నడుపుతుంది. తొట్లలో గూళ్లు పోస్తారు. గూళ్ల నుంచి దారం తీసే రీలర్లు వరుసగా వచ్చి నాలుగు గూళ్లు చేతిలోకి తీసుకుంటారు. వేలితో నొక్కి గట్టిదనం చూస్తారు. చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తారు. లోపలి పురుగు గలగలమంటే గూడు బాగా ఆరినట్టు. మచ్చ గూళ్లు, జంట గూళ్లు ఎన్ని ఉన్నాయో కంటితోనే లెక్కకడతారు. ఆ తర్వాత పాట. రైతు నోట వినిపించే మొదటి ప్రశ్న, “రామనగరలో ఈ రోజు ఎంత పోయింది?” కర్ణాటక ధర తెలిస్తేనే ఇక్కడి ధర న్యాయమో కాదో అతనికి తెలుస్తుంది. గూళ్లు రీలింగ్ యూనిట్లకు పోతాయి. మంచి బైవోల్టిన్ గూటి నుంచి వెయ్యి మీటర్లకు పైగా పోగు వస్తుంది. పట్టు పురి తిరిగి, రంగు అద్దుకుని మగ్గానికి చేరుతుంది. ధర్మవరంలో పడుగవుతుంది, పేకవుతుంది, జరీ కలుస్తుంది, చీరవుతుంది.

ఈ దారి పొడుగునా ఒకసారి చూడండి. పరిశోధనశాల ఉంది. దాని ఫలితాన్ని పొలంలో వాడే రైతు ఉన్నాడు. తప్పొస్తే తిరిగి వచ్చి అడగగలిగేంత దగ్గరలో ఉన్నాడు. సరుకు కొనే చిన్న పరిశ్రమ ఉంది. తూకం, పాట, చెల్లింపు సక్రమంగా జరిగేలా చూసే ప్రభుత్వం ఉంది. చివరన ప్రపంచం మెచ్చే వస్తువుంది. ధర్మవరం చేనేత పట్టుచీరలకు, పావడాలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఇంతకంటే ఇన్నోవేషన్ డిస్ట్రిక్టుకు కావలసింది ఏముంది? కాకపోతే ఈ గొలుసులో రెండు లంకెలు బలహీనంగా ఉన్నాయి. ఒకటి మగ్గం. రెండోది మన కాలేజీ.

మగ్గం సంగతి. ధర్మవరంలో గుంత మగ్గం మీద కూర్చున్న నేతగాడు రోజంతా కాలితో తొక్కుతాడు. తల మీద జాకార్డు. అంచు డిజైనుకు తగ్గట్టు చిల్లులు పొడిచిన అట్టల దండ దానికి వేలాడుతుంది. ఒక తొక్కుకు ఒక అట్ట తిరుగుతుంది. కొత్త డిజైను కావాలంటే గ్రాఫు గీయాలి, అట్టలు కొట్టించాలి, కుట్టించాలి. డబ్బులు, రోజులు రెండూ పోతాయి. ఆ డిజైను బజార్లోకి రాగానే మరమగ్గం మీద నకలు దిగుతుంది. కొన్ని రకాల వస్త్రాలను చేనేతకే కేటాయించిన చట్టం 1985 నుంచి ఉంది. ఆ జాబితాలో చీరలున్నాయి. అయినా నకలు చీర దుకాణంలో అసలు చీర పక్కనే వేలాడుతుంది. మోకాళ్లు అరిగిన నేతగాడు కొడుకును ఈ పనిలోకి రానివ్వడు. ఇదీ పరిస్థితి.

ఇక్కడ కొత్త ఆలోచన అంటే మగ్గాన్ని తీసేసి యంత్రం పెట్టడం అనుకునేవాళ్లు ఉంటారు. అది నేను ఒప్పుకోను. చేనేతకు విలువ ఉన్నదే చేతి వల్ల. చేయి చేయాల్సిన పనిని చేతికే వదిలి, కాలికి, నడుముకు, కంటికి ఉన్న బాధను తీసే ఆలోచన కావాలి. అలాంటి ఆలోచన ఎలా పుడుతుందో తెలుగు నేలే చూపించింది. ఆలేరు ప్రాంతంలో చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి ఆసు పోసేటప్పుడు, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పేటప్పుడు, చేయి వేలసార్లు అటూ ఇటూ తిప్పి భుజం నొప్పితో అల్లాడడం చూశాడు. పెద్ద చదువు లేదు. ఏళ్ల తరబడి కిందా మీదా పడి, 1999లో ఆసు యంత్రం చేశాడు. తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. మగ్గం అలాగే ఉంది, నేత అలాగే ఉంది. పోయింది భుజం నొప్పి ఒక్కటే. మల్లేశం గురించి చదివినప్పుడల్లా నాకు ఒకటే బాధ. ఆయన ఒంటరిగా తిరిగిన ఆ ఏళ్లలో దగ్గర్లోని ఏదో ఒక ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాపు తలుపు ఆయనకు తెరిచి ఉంటే ఎన్ని సంవత్సరాలు కలిసొచ్చేవి!

ఆ తలుపులు మనకు తక్కువేం లేవు. అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీ 1946లో మద్రాసు గిండీలో పుట్టి, 1948లో మన ఊరికి వచ్చింది. ఈ రోజు అది జె.ఎన్.టి.యు. అనంతపురంలో భాగం. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1981 నాటిది. పుట్టపర్తిలో సత్యసాయి విద్యాసంస్థ అదే ఏడాది విశ్వవిద్యాలయ హోదా పొందింది. 2018లో కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చింది. ఇన్ని ఉన్నాయి. ఏటా వేల మంది విద్యార్థులు చివరి సంవత్సరంలో ప్రాజెక్టు చేస్తారు. ఆ ప్రాజెక్టుల్లో ధర్మవరం మగ్గం పేరు, హిందూపురం గూడు పేరు ఎన్నింట్లో కనిపించాలి? నన్నడిగితే సగం వాటిలో కనిపించాలి.

ఇక పరిశ్రమ. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఉంది. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం. 2019 జనవరికి ట్రయల్ కారు బయటికొచ్చింది. ఆగస్టులో సెల్టోస్ మార్కెట్లోకి దిగింది. ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యంతో మొదలైన ఫ్యాక్టరీ అది. 2023 నాటికి 10 లక్షల కార్లు దాటింది. హంద్రీ-నీవా నీళ్లు గొల్లపల్లి జలాశయం నుంచి దానికి అందుతున్నాయి. హ్యుందాయ్ మోబిస్ వంటి విడిభాగాల కంపెనీలు దాని చుట్టూ చేరాయి. పెనుకొండ బజార్లో కొరియా అక్షరాల బోర్డులు, కొరియా భోజనం దొరికే హోటళ్లు వచ్చాయి. విజయనగర రాజులు రాజధానిగా ఏలిన ఊరికి ఇది కొత్త వెలుగు, దీన్ని తక్కువ చేసి మాట్లాడను. మన పిల్లలు అక్కడ లైను మీద పనిచేస్తున్నారు, జీతం తెచ్చుకుంటున్నారు. అయితే లైను మీద బోల్టు బిగించే చేతికి, ఆ బోల్టు ఎందుకు అక్కడే ఉండాలో ఆలోచించే బుర్రకు మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరం మన ఊళ్లలోనే దాటగలగాలి. ఒక మిల్లీమీటరులో వందో వంతు తేడా పట్టే టూల్ రూములు ఇప్పుడు పెనుకొండ చుట్టుపక్కల ఉన్నాయి. వాటిలో పనిచేసే ఇంజనీరు నెలకొక శనివారం ధర్మవరం వచ్చి ఒక జాకార్డు కింద కూర్చుంటే? తొక్కుడు బరువును సగానికి తగ్గించే చిన్న మోటారు, నేతగాడు కొనగలిగే ధరలో తయారైతే? ఇందులో ఆ ఇంజనీరుకు తెలియని విద్య ఏదీ లేదు. అతన్ని ఇక్కడికి పిలిచినవాళ్లు లేరు, అంతే.

ఆ పిలిచే పని ఎవరిది? మున్సిపాలిటీది. పంచాయతీది. ఈ మాట మీద నేను గట్టిగా నిలబడతాను. విశ్వవిద్యాలయానికి తన పరీక్షలుంటాయి, కంపెనీకి తన ఉత్పత్తి లెక్కలుంటాయి. ఈ ఇద్దరినీ నేతగాడి గుమ్మం ముందుకు తీసుకురాగలిగేది ఆ గుమ్మం ఉన్న ఊరి పాలకవర్గమే.

రాష్ట్ర స్థాయిలో కదలిక ఉంది. 2025 ఆగస్టులో మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ ప్రారంభమైంది. దానికి అనుబంధంగా వేర్వేరు నగరాల్లో కేంద్రాలు పెట్టారు. వాటిలో అనంతపురం ఒకటి. ఇంటికొక పారిశ్రామికవేత్త అన్నది నినాదం. బాగుంది. అయితే మన తిమ్మమ్మ మర్రిమాను ఒక్క మొదలు మీద అంత దూరం పాకలేదు. కొమ్మల నుంచి దిగిన ప్రతి ఊడ తనంతట తాను నేలను పట్టుకుని మానైంది గనుకే పాకింది. అనంతపురం కేంద్రం కూడా అక్కడే ఆగకుండా ధర్మవరంలో, హిందూపురంలో, కదిరిలో నేల తాకాలి. దానికి వందల ఎకరాలు అక్కర్లేదు. ధర్మవరం నేతపేటలో మున్సిపాలిటీకి ఉన్న ఒక పాత భవనం చాలు. అందులో రెండు మగ్గాలు, డిజైను గీసే కంప్యూటరు, అట్టలు లేకుండా నడిచే ఎలక్ట్రానిక్ జాకార్డు ఒకటి, చిన్న లేతు యంత్రం, సాయంత్రం ఎనిమిది దాకా తలుపులు తెరిచి ఉంచే ఒక మనిషి. నేతగాడు పగలు రాలేడు, మగ్గం దిగితే ఆ రోజు కూలి పోతుంది. వేళలు అతని వీలును బట్టే ఉండాలి. అక్కడ పుట్టిన డిజైను ఎవరిదో అదే రోజు నమోదు చేసే ఏర్పాటు కూడా ఉండాలి. లేకపోతే నకలు కొట్టేవాడికే మనం మేలు చేసినట్టవుతుంది.

ఎన్.పి. కుంటలో పద్ధతి వేరుగా ఉండాలి. అక్కడ భూమి, పలకలు ఇప్పటికే ఉన్నాయి. పార్కు నిర్వాహకులు ఒక మూల కొన్ని వరుసలు విద్యార్థులకు వదిలితే చాలు. నీళ్లు లేకుండా పొడి బ్రష్షుతో తుడిచే పరికరాన్ని ఒక వరుస మీద, మామూలు పద్ధతిని పక్క వరుస మీద ఏడాది పొడుగునా నడిపి చూడొచ్చు. పలకల కింద మొలిచే గడ్డి కోయించడానికి నిర్వాహకులకు ఖర్చవుతుంది. పక్క ఊళ్ల గొర్రెల కాపరులకు మేత కరువు. కొన్ని దేశాల్లో సోలార్ పార్కుల్లో గొర్రెలను మేపుతున్నారు. మేకలైతే పలకలెక్కుతాయని గొర్రెలనే తోలుతారు. మన కాపరికి ఆ తేడా ఎవరూ నేర్పక్కర్లేదు. ఏ వరుసల్లోకి, ఏ నెలల్లో, ఎవరి మందలు పోవాలో గ్రామసభ కూర్చుని తేల్చుకోవచ్చు. ఒకప్పుడు ఆ నేల మీద పశువులు తోలుకున్న మనుషులే ఆ సభలో ఉంటారు.

హిందూపురం, ధర్మవరం, కదిరి మున్సిపాలిటీల అధికారులు, ప్రజాప్రతినిధులు ఎవరైనా ఈ ప్రసంగం వింటుంటే వారికి నాదొక మనవి. మీ ఊళ్లో జనం రోజూ పడే కష్టాల్లో యంత్రంతో గానీ లెక్కతో గానీ తీరేవి పది రాసి పంపండి. ఊజీ ఈగను షెడ్డులోకి రాకుండా చేయడం, గూడు తేమను చెవితో కాకుండా అందరికీ కనిపించే అంకెతో చెప్పడం, జాకార్డు తొక్కుడు బరువు, రంగుల అద్దకం నుంచి వచ్చే మురుగునీరు, ఇలాంటివి. ఆ కాగితం అనంతపురంలోని విశ్వవిద్యాలయాల రిజిస్ట్రార్లకు, పెనుకొండలోని కంపెనీల మేనేజర్లకు ఒకే రోజు చేరాలి. చివరి సంవత్సరం ప్రాజెక్టులు ఖరారు కాకముందే చేరాలి. కిరికెర శాస్త్రవేత్తలకు కూడా ఒక ప్రతి పంపండి. ఈ పనిలో వాళ్లు మనందరికంటే సీనియర్లు.